రక్తం వేడిచేసే చికిత్సపై వార్తలు

సంపాదకులు గారికి,

నమస్కారం. రక్తాన్ని గొట్టాల ద్వారా బయటికి తీసి, యంత్రంలో వేడిచేసి తిరిగి ఎక్కిస్తే మొండి రోగాలు పోతాయంటూ మా పొరుగింటివారు ఫోన్‌లో ఒక వీడియో చూపించారు. అందులో ఎర్రటి గొట్టాలు, తెరపై మెరిసే 42 అన్న అంకె తప్ప ఎంతమందికి నయమైందన్న మాటే లేదు.

1990లో అమెరికాలోని అట్లాంటాలో ఎయిడ్స్ రోగికి ఈ పద్ధతి ప్రయోగించినప్పుడు పెద్ద ప్రచారం జరిగింది కానీ, అక్కడి జాతీయ అలర్జీ, అంటువ్యాధుల సంస్థ పరిశీలించి, మేలు జరిగిందనడానికి ఆధారం లేదని అదే ఏడాది తేల్చింది.

జ్వరంతో జబ్బును అణచాలన్న ఆలోచన వింతదేమీ కాదు; మలేరియా జ్వరం తెప్పించి, సిఫిలిస్ ముదిరి మెదడు దెబ్బతిన్నవారికి చికిత్స చేసిన వియన్నా వైద్యుడు వాగ్నర్-యౌరెగ్‌కు 1927లో నోబెల్ బహుమతి వచ్చింది. (ఆ మలేరియాకే కొందరు బలయ్యారన్నది వేరే సంగతి.) అయితే శరీరమంతా 42 డిగ్రీల సెల్సియస్ దాటితే మన సొంత కణాలే దెబ్బతింటాయి. చలికి కొయ్యబారి గుండె ఆగిన మనిషి రక్తాన్ని యంత్రంతో మెల్లగా మామూలు వేడికి తెచ్చి బతికించడం నిజంగా ఉన్న వైద్యమే కానీ, దీనికీ దానికీ పోలిక లేదు.

ఇలాంటి వార్తలు వేసేటప్పుడు ఎంతమంది రోగులపై పరీక్షించారో, ఫలితాలను ఎవరు సరిచూశారో కూడా రాయవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు