కృష్ణజింకకు అవతలి వైపు చూపించిన మీ అందరికీ

మొన్న శనివారం నేను చెక్కిన కృష్ణజింక బొమ్మల జంటను చూపులేని పిల్లల బడిలో అప్పజెప్పి వచ్చాను. మగదీ ఆడదీ, రెండూ టేకు చెక్కవే. ఈ పది నెలల్లో నాకు ఫొటోలు పంపినవాళ్లు, గీతలు గీసిచ్చినవాళ్లు, తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపించినవాళ్లు చాలామంది. అందరికీ ఫోన్ చేసి చెప్పాను. కానీ మీరు చేసింది ఎంత పెద్ద సాయమో నలుగురికీ తెలియాలి, అందుకే ఇలా రాస్తున్నాను.

నాది నంద్యాల దగ్గర పల్లె. ఇరవై రెండేళ్లుగా తలుపులు, ద్వారబంధాలు చేస్తున్నాను. గడపకు పద్మం, పై కమ్మీకి లతలు, చిలకలు చెక్కుతాను. అవన్నీ పలక మీద పైకి తేలే పనులు, వాటికి వీపు ఉండదు. నిరుడు చూపులేని పిల్లల బడి నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. "మా పిల్లలకు ఆవు తెలుసు, మేక తెలుసు. మన రాష్ట్ర జంతువు కృష్ణజింక అని పాఠంలో వస్తుంది. అదెట్లుంటుందో చెప్పడానికి నా దగ్గర మాటలు తప్ప ఏమీ లేవు. చేత్తో తడిమి చూసుకునేలా ఒకటి చేసిస్తారా అన్నా?" అని అడిగింది. ఆ మాటకు కాదనలేకపోయాను.

ఫోన్‌లో వెతికితే వందల బొమ్మలొచ్చాయి. అన్నీ ఒకే తీరు. పక్కనుంచి తీసినవే, గడ్డిలో నిలబడినవే, గిట్టలు కనబడనివే. నాకు తోచినట్టు ఊహించి మొదటిది చెక్కాను. ఆ బడిలో సంగీతం చెప్పే మాస్టారికి కూడా చూపు లేదు. ఆయన రెండు చేతులతో మూతి దగ్గర మొదలుపెట్టి తోక దాకా తడిమి, "ముందు నుంచి జింకే మేస్త్రీ. వెనక్కి పోయేసరికి పీటయింది" అన్నారు. కళ్లతో చూసేవాళ్లకు ఒక వైపు బాగుంటే చాలు. వేళ్లకు అట్లా కుదరదు, అవి బొమ్మ చుట్టూ తిరుగుతాయి. ఆ రోజే దాన్ని పక్కన పెట్టేసి, తెలిసినవాళ్లందరినీ అడగడం మొదలుపెట్టాను. వెనక నుంచి కావాలి, పైనుంచి కావాలి, కాళ్లు కావాలి అని.

రోళ్లపాడు అభయారణ్యంలో పనిచేసే తమ్ముడూ, ముందు నీ పేరే చెప్పాలి, వద్దన్నావు కాబట్టి రాయడం లేదు. బట్టమేక పిట్ట కోసం పేరుపడిన ఆ గడ్డిభూముల్లో కృష్ణజింకలూ ఉంటాయి. నీ డ్యూటీ నువ్వు చేసుకుంటూనే నాకోసం మూడు నెలలు ఫొటోలు తీశావు. ఎత్తు మీద నుంచి తీసినది ఒకటుంది. పొట్ట దగ్గర వెడల్పు, నడుం దగ్గరికొచ్చేసరికి సన్నం, భుజాల దగ్గర ఇంకా సన్నం. జింకను పైనుంచి చూడటం నాకు అదే మొదలు. తడినేల మీద గిట్ట గుర్తు పక్కన అగ్గిపెట్టె పెట్టి ఇంకొకటి తీశావు. రెండు మొనలు, ముందుకు కోసుగా. కొలత కూడా దాంట్లోనే దొరికింది. దగ్గరికెళ్లి తీస్తే తలకాయ పెద్దగా, వెనక భాగం చిన్నగా పడుతుందనీ, దూరం నుంచి, జింక పొట్ట ఎత్తులో కెమెరా పెట్టి తీస్తేనే కొలతలకు పనికొస్తుందనీ నువ్వు చెప్పిందే. మనిషి నిలబడి పైనుంచి కిందికి తీసిన ఫొటోలో కాళ్లు పొట్టిగా కనబడతాయి. నా మొదటి జింక కాళ్లు పొట్టివి కావడానికి కారణం అదే.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఎవరింట్లోనైనా పాత కొమ్ము దొరికితే ముందర పెట్టుకుని చెక్కుకుందామనుకున్నాను. "వద్దన్నా, 1972 వన్యప్రాణి చట్టంలో కృష్ణజింక మొదటి షెడ్యూల్‌లో ఉంది, కాగితం లేకుండా కొమ్ము ఇంట్లో పెట్టుకున్నా నేరమే" అని ఆపావు. ఆ మాట చెప్పకపోతే తెలియక తప్పు చేసి ఉండేవాణ్ని.

వనస్థలిపురంలో ఉండే మా అక్క కొడుకు అక్కడి జింకల పార్కు హరిణ వనస్థలికి ఆదివారాలు వెళ్లి ఎదురుగా నిలబడిన మగ జింకలను తీసి పంపాడు. అవి చూశాక గుండె జారింది. నేను రెండు కొమ్ములకూ మెలిక ఒకే వైపు తిప్పాను. ఒక పక్కనుంచి తీసిన ఫొటోలో అది తెలియదు. నిజానికి ఎడమది, కుడిది అద్దంలో చూసుకున్నట్టు ఎదురెదురు తిరుగుతాయి. "మామా, ఒక కొమ్ము పల్చటి కాగితం మీద గీసి, కాగితం తిప్పేసి రెండోది గీయి" అన్నాడు. ఇంత చిన్న ఉపాయం నాకెందుకు తట్టలేదో ఇప్పటికీ అర్థం కాదు.

పశువుల డాక్టరమ్మ దగ్గరికి నేను బొమ్మ పట్టుకుని వెళ్లాను. ఆవిడ బొమ్మ వైపు ఎక్కువసేపు చూడలేదు. ఆసుపత్రికి వచ్చిన ఒక మేకను పట్టుకుని, "మేస్త్రీ, కళ్లు మూసుకుని దీని కాలు తడమండి" అన్నారు. ముందు కాలికి మనం మోకాలనుకునేది మన మణికట్టట. వెనక కాలికి వెనక్కి పొడుచుకొచ్చేది మడమట. అసలు మోకాలు పైన, పొట్టకు ఆనుకుని ఉంటుంది. కృష్ణజింక కూడా ఆవూ మేకా పుట్టిన కుటుంబంలోదే కాబట్టి కట్టు అదే, కాళ్లు సన్నం, మెడ నిడివి వేరు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి మా మేకలన్నిటినీ కళ్లు మూసుకుని తడిమాను. పది ఫొటోల్లో తెలియనిది చేతికి తెలిసింది. అమ్మా, పిల్లలు ఈ బొమ్మను ఎట్లా చూస్తారో నాకు మొదట నేర్పింది మీరు.

కొండపల్లి పెద్దాయనా, నేను వేరే చెక్క పనివాణ్నని తెలిసీ దాచుకోకుండా చెప్పారు. మీ బొమ్మల తెల్ల పొణికి కర్ర మెత్తన, తేలిక. నా టేకు గట్టిది. అయినా కిటుకు రెండిటికీ ఒకటే. "ఒకే మొద్దులో తియ్యాలని పంతం ఎందుకు నాయనా? మా అంబారీ ఏనుగైనా దేనికది చెక్కి అతికేదే" అన్నారు. ఒంట్లో పీచు అడ్డంగా నడిస్తే, అదే చెక్కలో తీసిన కాలికీ పీచు అడ్డమే, పుటుక్కున విరుగుతుంది. కాళ్లూ కొమ్ములూ విడిగా, పీచు నిడివికి పోయేలా తీసి, చెక్క మేకులతో కూర్చాను. సందుల్లోకి మీరు చెప్పినట్టు చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కు పెట్టాను. పిల్లలు కొమ్ము పట్టుకుని ఎత్తుతారు. ఎత్తారు కూడా, ఏమీ కాలేదు.

మా ఊరబ్బాయి ఒకడు న్యూజెర్సీలో ఉద్యోగం చేస్తూ సరదాకు చెక్క పక్షులు చెక్కుతాడు. మూడు వైపుల గీతలు, పక్కది, ఎదురుది, పైది, ఒకే కొలతకు గీసి పంపాడు. భుజం దగ్గర సుమారు 80 సెంటీమీటర్లుండే జంతువును నాలుగో వంతుకు, 20 సెంటీమీటర్లకు దించాడు. పక్క గీతను బ్యాండ్ సా అనే రంపపు మిషను మీద కోశాక తెగిన ముక్కలను పారెయ్యకుండా టేపుతో మళ్లీ అంటించి, అప్పుడు పై గీత కొయ్యాలన్నాడు. లేకపోతే రంపం బల్ల మీద చెక్క నిలబడదు, పై గీత కూడా మిగలదు. మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫర్ 1887లో అచ్చు వేయించిన 781 ఫొటో పలకల్లో జంతువుల నడక, పరుగు ఉన్నాయని, హక్కుల గడువు తీరిపోయింది కాబట్టి ఎవరైనా వాడుకోవచ్చని చెప్పి కొన్ని పంపాడు. మా ఆడ జింక ఎత్తిన కాలు అందులోంచి నేర్చుకున్నదే.

రంగు సంగతి టీచరమ్మ తేల్చింది. మగదానికి వీపు నలుపు, పొట్ట తెలుపు, కంటి చుట్టూ తెల్లటి వలయం. వేళ్లకు నలుపేది, తెలుపేది? "నలుపున్నచోట సన్నగా గీతలు పెట్టండి, తెలుపున్నచోట నున్నగా వదిలెయ్యండి" అంది. వీపంతా చిన్న ఉలితో వెంట్రుకల్లా గీతలు పెట్టాను, పొట్టను ఉప్పు కాగితంతో అద్దంలా తీశాను. ఆడదానికి గీతలూ లేవు, కొమ్ములూ లేవు.

శనివారం ఒక పాప మగ జింక కొమ్ము కింద నుంచి పట్టుకుని, ఒక్కో కణుపూ లెక్కపెట్టుకుంటూ చివరికి పోయింది. "ఇంకా ఉంది, ఇంకా ఉంది" అంటూ నవ్వింది. తర్వాత వీపు మీద చెయ్యేసి మెల్లగా కిందికి జరుపుతూ నున్నటి చోట ఆగి, "ఇక్కడ తెలుపొచ్చింది" అంది. మాస్టారు ఈసారి తోక వైపు నుంచి మొదలుపెట్టారు. మూతి దాకా వచ్చి బొమ్మను పక్కనున్న పిల్లాడి చేతికిచ్చారు.

మూడు వైపుల గీతలు, కొమ్ము గీతతో సహా, గీసిచ్చిన అబ్బాయి అనుమతితో నా దగ్గర ఉంచాను. చెక్కే వాళ్లెవరికైనా ఉచితంగా ఇస్తాను, అడగండి. పిల్లలు ఇప్పుడు బట్టమేక పిట్ట కావాలంటున్నారు. రోళ్లపాడు తమ్ముడూ, వెనక నుంచి తీసిన ఫొటో పాతదైనా సరే, ఉంటే పంపు.