పటాన్‌చెరు బస్సు నిమ్స్ ముందు నుంచి పోతుందని మాకెవరు చెప్పాలి?

సంపాదకులకు నమస్కారం.

మాది నల్లగొండ జిల్లా కనగల్ మండలంలో ఒక పల్లె. అంగన్‌వాడీ టీచర్‌గా పనిచేస్తున్నాను. మా నాయినకు కిడ్నీ జబ్బు. ఏడాది నుంచి నెలకోసారి ఆయన్ని హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రికి తీసుకుపోతున్నాను. ఇప్పుడు ఊళ్లో ఎవరికి పట్నంలో పని పడినా "టీచరమ్మా, యాడ దిగాలె?" అని నాకే ఫోన్ చేస్తున్నారు. అందుకే ఈ ఉత్తరం.

మొదటిసారి పోయినప్పుడు నల్లగొండలో బస్సెక్కి ఇమ్లీబన్ పెద్ద బస్టాండు (ఎంజీబీఎస్) దాకా టికెట్ తీసుకున్నాం. హైదరాబాద్ బస్సంటే చివరిదాకా పోయి దిగాలనే అనుకున్నాం. ఎల్బీ నగర్ దాటాక దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట ట్రాఫిక్‌లో బస్సు ఒక్కో అడుగే జరుగుతుంటే ఓపీ చీటీ దొరుకుతుందో లేదోనని నాకు ఒకటే టెన్షన్. దిగాక ఎవరో కోఠి పోయి బస్సెక్కమంటే ఆటోలో కోఠి పోయాం. మేం నిలబడ్డ చోట ఏ నంబరు ఎటు పోతుందో రాసిన బోర్డు లేదు. నాయిన ఐదో తరగతి దాకా చదివాడు, తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. రిపోర్టుల కవరు ఛాతీకి అదుముకుని, కళ్లు చికిలించి "ప... టా..." అంటుండగానే బస్సు మీది అక్షరాలు ఇంగ్లిష్‌లోకి మారిపోయాయి. అట్లా మూడు 218 బస్సులు మా ముందు నుంచే పోయాయి. మేం పోవాల్సింది నిమ్స్ ఉన్న పంజాగుట్ట, బస్సు బోర్డు మీద ఉన్నది పటాన్‌చెరు. ఆ బస్సు లక్డీకాపూల్, ఖైరతాబాద్ మీదుగా నిమ్స్ ముందు నుంచే పోతుందని కొత్తవాళ్లకు ఎట్లా తెలుస్తుంది? చివరికి పూలమ్ముకునే ఒకామె "నిమ్స్‌కా అక్కా? గిదే పోతది, ఎక్కుండ్రి" అని నాయిన రెక్క పట్టుకుని ఎక్కించింది. ఆమె మేలు మరచిపోలేను.

అసలు దారి మూడోసారి పోయినప్పుడు తెలిసింది, అదీ బస్సులో పక్కన కూర్చున్న ఒక అమ్మాయి చెప్తే. ఎల్బీ నగర్‌లోనే దిగి మెట్రో ఎక్కితే ఎక్కడా మారే పని లేదు. 'మియాపూర్ వైపు' అని ఉన్న ప్లాట్‌ఫాం మీదికి పోతే చాలు. పైకి పోవడానికి లిఫ్టు ఉంది. లోపల ప్రతి స్టేషన్ పేరూ తెలుగులో చెప్తారు. ఎల్బీ నగర్ తర్వాత 15వ స్టేషన్ పంజాగుట్ట. నాయిన వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ ఖైరతాబాద్ రాగానే "ఇంక రెండే" అంటాడు. ఈ రైలు 2018 నుంచి ఎల్బీ నగర్ దాకా నడుస్తోంది. ఇన్నేళ్లయినా మా ఊరికి ఆ ముచ్చట చేరలేదు.

ఇంకో సంగతి. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో, సిటీలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఇది మాలాంటి వాళ్లకు ఎంత ఆసరానో చెప్పలేను. కానీ 'మెట్రో ఎక్స్‌ప్రెస్' బస్సు వేరు, మెట్రో రైలు వేరు అని ఊళ్లో చాలామందికి తెలియదు. మా పక్కింటి వదిన ఆధార్ కార్డు చేతిలో పట్టుకుని మెట్రో రైలు కౌంటర్ దగ్గర నిలబడింది. వెనక లైన్లో వాళ్లు విసుక్కుంటే ఆమెకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఫోన్లో చూసుకోవచ్చు కదా అంటారు. బస్సు ఎక్కడుందో చూపించే గమ్యం యాప్ ఉంది, మంచిదే, నేనూ వాడతాను. మా నాయిన దగ్గర ఉన్నది బటన్ ఫోను. ఆసుపత్రులకు పోయే పెద్దవాళ్లలో చాలామందిది అదే పరిస్థితి.

అధికారులకు నా మనవి ఇది. ఎల్బీ నగర్‌లో దిగాలా, ఇమ్లీబన్ దాకా పోవాలా అన్నది టికెట్ తీసుకునేటప్పుడే తేల్చుకోవాలి. కాబట్టి ముందుగా నల్లగొండ, దేవరకొండ, మిర్యాలగూడ బస్టాండ్లలోనే బోర్డు ఉండాలి. నిమ్స్, ఉస్మానియా, గాంధీ, నిలోఫర్ ఆసుపత్రులకు ఎక్కడ దిగాలి, అక్కడి నుంచి ఏ నంబరు బస్సు, ఏ మెట్రో స్టేషన్ అని పెద్ద తెలుగు అక్షరాలతో రాయించండి. పాలమూరు వాళ్లకైతే ఆరాంఘర్ సంగతి కూడా రాయాలి, మెహిదీపట్నం పోయేవాళ్లు అక్కడే దిగుతారు. సిటీ బస్సు ముందు అద్దం మీద చివరి ఊరితో పాటు దారిలో ఉన్న ఆసుపత్రి పేరు ఒక్కటి రాసినా మాకు ఎంతో మేలు.

మా అంగన్‌వాడీ గోడ మీద పిల్లల అక్షరాల చార్టు పక్కనే ఎల్బీ నగర్ నుంచి పంజాగుట్ట దాకా స్టేషన్ల పేర్లన్నీ స్కెచ్ పెన్నుతో రాసి పెట్టాను. పిల్లల్ని దింపడానికి వచ్చిన తల్లులు ఫోన్లో ఫొటో తీసుకుపోతున్నారు. నల్లగొండ బస్టాండులో అతికించడానికి ఒప్పుకుంటే ఇంకొకటి నేనే రాసిస్తాను.

– ఒక అంగన్‌వాడీ టీచర్, కనగల్ మండలం, నల్లగొండ జిల్లా