గీతలు మీరు గీయకండి, పిల్లల్ని గీయనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం పేజీలో పిల్లల కోసం వేసే బొమ్మలన్నీ రంగులు నింపేవే. గీతలు ముందే గీసి ఉంటాయి. ఆ పేజీ తిప్పినప్పుడల్లా నేను డిజైన్ల పని నేర్చుకుందామని చేరిన క్లాసు గుర్తొచ్చి మనసు చివుక్కుమంటుంది.

ఇరవై రెండేళ్లుగా బట్టలు కుడుతున్నాను. ప్రింటు బట్టయితే కుట్టు దగ్గర పువ్వు సగానికి తెగిపోకుండా రెండు ముక్కలూ కలిపి కత్తిరించాలి. అలా ఎన్నో డిజైన్లు చేతుల మీదుగా పోయాక, నాదంటూ ఒకటి గీయాలనిపించింది. క్లాసులో మాత్రం ఎక్కడివో బొమ్మల ప్రింట్లు చేతికిచ్చి దించమన్నారు. మూడు నెలలు దించాను. సొంతంగా ఒక్క ఆకు గీయడం రాలేదు.

మానేసి, ఒక గుమ్మడిపాదు దగ్గర కూర్చున్నాను. కర్రను పట్టుకున్న నులితీగను ఫోన్‌తో బాగా దగ్గర నుంచి ఫొటో తీశాను. ఎండలో తీసినవాటిలో ఏది తీగో ఏది నీడో తెలియలేదు. మబ్బు పట్టినప్పుడు తీసింది పనికొచ్చింది. దాన్ని నలుపు తెలుపులోకి మార్చి, చూస్తూ గీశాను. మూడోసారి గీస్తుంటే దొరికింది: తీగ మొదటినుంచి చివరిదాకా ఒకేవైపు తిరగడం లేదు! సగం దూరం ఒకవైపు మెలికలు, మధ్యలో కొక్కెంలాంటి చిన్న వంపు, అక్కడినుంచి మెలికలన్నీ రెండోవైపు. రెండు కొనలూ కట్టుబడి ఉన్నప్పుడు ఒక్కవైపే మెలి తిరగడం కుదరదు మరి. ఫొటోలో అది మొదటినుంచీ ఉంది, ఎన్నిసార్లో చూశాను కూడా. చెయ్యి గీసేదాకా కంటికి ఆనలేదు. నా డిజైను మొత్తం ఆ వంపు మీదే కట్టాను.

కార్ల్ బ్లాస్‌ఫెల్ట్ అనే జర్మన్ మాస్టారు క్లాసులో పాఠం చెప్పడానికి చేసిన పని కూడా ఇదే. బెర్లిన్‌లో తన విద్యార్థులు మొక్కల ఆకారాలు చూసి నేర్చుకోవాలని, సొంతంగా తయారుచేసుకున్న కెమెరాతో మొగ్గల్ని, తీగల్ని 30 రెట్ల దాకా పెద్దవిగా ఫొటోలు తీశారు. వాటిలో గుమ్మడి నులితీగలూ ఉన్నాయి. 1928లో పుస్తకంగా వచ్చాకే లోకానికి తెలిశాయి గానీ, అంతకుముందు ఏళ్ల తరబడి అవి క్లాసు బొమ్మలే.

ఇక రిపీట్ సంగతి, అంటే ఒకే బొమ్మ అతుకు కనపడకుండా బట్టంతా మళ్లీ మళ్లీ వచ్చేలా చేయడం. చదరపు కాగితం మధ్యలో అంచులు తగలకుండా బొమ్మ గీసి, నిలువుగా సగానికి కోసి, కుడి ముక్కను ఎడమకూ ఎడమ ముక్కను కుడికీ మార్చి వెనక టేపు వేయాలి. అడ్డంగానూ అంతే. పాత అంచులు లోపలికొచ్చి మధ్యలో ఖాళీ పడుతుంది. అది నింపితే నాలుగు వైపులా కలిసే ముక్క తయారవుతుంది. నాది చూసుకుని మురిసిపోయి, తొమ్మిది జెరాక్సులు తీయించి నేలమీద పరిచాను. విడిగా అంత అందంగా ఉన్నది, తొమ్మిదీ కలిసేసరికి అడ్డంగా తెల్లటి బాటలు పడ్డాయి. కుట్టుపని చేసే కళ్లు కదా, ఇక ఆ బాటలు తప్ప ఇంకేమీ కనపడలేదు. పక్క వరుసను సగం కిందికి దించి, అంచులన్నీ మళ్లీ కలుపుతూ గీయడానికి రెండు వారాలు పట్టింది. ఫోన్‌లో యాప్ ఒక్క నొక్కుతో ఫొటోను పరిచేస్తుంది, నిజమే. ఏ వంపు ఉంచాలో, ఏది వదలాలో మాత్రం గీసినవాళ్లకే తెలుస్తుంది.

అందుకే అడుగుతున్నాను. వారానికొక ఫొటో వేయండి, తీగో, తుప్పు పట్టిన తలుపో, ఎండిన ఆకో, బాగా దగ్గర నుంచి తీసింది. పక్కనే అంతే పెద్ద ఖాళీ గడి వదలండి. పేపరు మీద పెన్సిల్ సరిగ్గా పడదంటారేమో. మెత్తటి 4బీ పెన్సిల్ చక్కగా పడుతుంది, మీ పేపరు అంచుల మీదే గీసి చూశాను.

ఇట్లు,
కుట్టుపని చేసుకునే మీ పాఠకురాలు