పాత డీసీఎం లారీకి పచ్చ పన్ను

మిర్యాలగూడ

బావా,

ఎట్లున్నావు? పాలమూరులో వానలు పడ్డాయా? ఫోన్‌లో చెబితే మధ్యలోనే నవ్వుతావని ఉత్తరం రాస్తున్నా.

మొన్న మన డీసీఎంను ఫిట్‌నెస్ పరీక్షకు తీసుకుపోయాను. ముందురోజు రాత్రి కూర్చుని ఇంజన్ మీది ఆయిల్ మరకలన్నీ డీజిల్ గుడ్డతో తుడిచి, వెనక కొత్త రేడియం స్టిక్కర్లు అంటించాను. తీరా పోతే పాత బండ్ల పొగకని వేసే గ్రీన్ ట్యాక్స్ బాకీ ఉందని నిలబెట్టారు. కిరాయి బండికి ఏడేళ్లు దాటితే ఆ పన్ను కట్టాల్సిందే, మరిచిపోయింది నేనే.

కట్టేశాను గానీ కడుపు మండింది. ఆ పన్ను బండి వయసు చూస్తుంది, ఓనరు జేబు చూడదు. కొత్త బండి కొనే స్తోమత ఉంటే ఈ ముసలిదాన్ని ఎందుకు తోలుతాను? పొగ మాత్రం నాదే ఎక్కువ, కాదనను.

మా పెద్దోడు డిగ్రీలో ఎకనామిక్స్ కదా, రాత్రి అన్నం తింటూ పాఠం చెప్పాడు. 1999లో జర్మనీ డీజిల్ మీద పన్ను పెంచి, కరెంటు మీద కొత్తగా పన్ను వేసి, వచ్చిన డబ్బుతో జీతాల మీది పెన్షన్ చందా తగ్గించిందట. మనిషిని పనిలో పెట్టుకునే ఖర్చు తగ్గుతుంది కాబట్టి ఉద్యోగాలకు దెబ్బ పడదని లెక్క. స్విట్జర్లాండ్‌లో కార్బన్ పన్నులో జనం వాటాను తలా ఇంత అని సమానంగా తిరిగి ఇస్తారట, హెల్త్ ఇన్సూరెన్స్ బిల్లులో తగ్గించి. తక్కువ కాల్చే పేదోడికి లాభమే. ఫ్రాన్స్‌లో 2018లో అట్లాంటి ఊరట చూపకుండా డీజిల్ పన్ను పెంచబోతే, బస్సుల్లేని ఊళ్లవాళ్లు పసుపు జాకెట్లు వేసుకుని రోడ్డెక్కారు. పెంపు ఆగిపోయింది.

మరి మన దగ్గరో? బొగ్గు మీద సెస్సు 2010లో టన్నుకు 50 రూపాయలు, 2016కల్లా 400. క్లీన్ ఎనర్జీ కోసమని మొదలుపెట్టి, 2017లో జీఎస్టీ వల్ల రాష్ట్రాలకు తగ్గే రాబడికి నష్టపరిహారంగా మళ్లించారు. నీళ్లు పారాల్సిన కాలువ వేరే చేలోకి తిరిగినట్టు! 2025లో ఆ సెస్సు ఎత్తేసి, బొగ్గు మీద జీఎస్టీ పెంచారు. బొగ్గు భారం కరెంటు ఛార్జీలోకి వస్తుంది గానీ, ఉచిత కరెంటుతో జీరో బిల్లు వచ్చే ఇళ్లకు నేరుగా తగలదులే. మిల్లుకు తగులుతుంది, మిల్లు సేటు నాకు తగిలిస్తాడు. కిరాయి పెంచమంటే ఇంకో బండి ఉందంటాడు.

ఇక మిగిలింది క్లీనర్ జీతం. ఆ పిల్లాడు మీ దిక్కువాడే. టైర్లకు గాలి కూడా వేళ్లతో తట్టి చెప్పేస్తాడు. వచ్చే నెల నుంచి వద్దని చెప్పడానికి నిన్న రెండుసార్లు నోరు తెరిచి, చాయ్ తెమ్మని పంపించాను.

మీ షెడ్డులో మనిషి కావాలేమో అడిగి చెప్పు. లైసెన్స్ కూడా తీసుకున్నాడు.

నీ
మిర్యాలగూడ బావ