అన్నం ముందు తప్పు చేసినదానిలా కూర్చోకు, బిడ్డా

నా బంగారు బిడ్డకు,

అమ్మ ఆశీస్సులు. సద్దుల బతుకమ్మకు వచ్చి పోయినప్పటి నుంచి నీతో ఒక ముచ్చట మాట్లాడాలని ఉంది. ఫోన్లో అంటే మధ్యలో నీకు మీటింగ్ వస్తది, నాకు అంగన్‌వాడీ సెంటర్ కాడ పిల్లల పని ఉంటది. అందుకే కూర్చుని రాస్తున్న. తీరిక చూసుకుని చదువు.

ఆ రాత్రి చెరువు కాడ బతుకమ్మను సాగనంపినాక అందరం సద్దులు పంచుకున్నం. నువ్వుల సద్ది నీకు ఎంత ఇష్టమో నాకు తెల్వదా? కడుపు నిండ తిన్నవు, మలీద ముద్ద కూడా తిన్నవు. నాకు సంతోషమైంది. ఇంటికొచ్చినాక మాత్రం "ఈ రోజు చాలా తప్పు చేసిన, రేపు ఏమీ తినను" అన్నవు. అన్నట్టే తెల్లారి మధ్యాహ్నం దాకా నల్ల కాఫీతోనే ఉన్నవు. ఆ మాట నా చెవుల్లోంచి పోతలేదు. పండుగ నాడు పదిమందితో కూర్చుని తిన్న తిండి తప్పెట్ల అయితది బిడ్డా? ఎవరి నోటి కాడిదన్న గుంజుకున్నవా?

నిన్ను కోప్పడటానికి రాస్తలేను. బరువు తగ్గాలనుకోవడం తప్పని కూడా అంటలేను. రోజంతా కుర్చీలో పని, వారం మార్చి వారం రాత్రి షిఫ్టు, మోకాలు నొస్తుందని కూడా అన్నవు. ఒళ్లు మంచిగ చూసుకుంటనంటే నాకంటే సంతోషించేదెవరు? కానీ తిండిని మంచిదని, చెడ్డదని రెండు కుప్పలు పోసి, చెడ్డ కుప్పలోంచి ఒక ముద్ద తింటే నిన్ను నువ్వే చెడ్డదాన్ని అనుకుంటున్నవు చూడు, అదే నాకు భయం. పొద్దంతా పస్తుండుడు, ఆకలికి ఆగలేక రాత్రి పదకొండు గంటలకు పెద్ద పార్సిల్ తెప్పించుకునుడు, తిన్నాక ఏడ్సుడు, తెల్లారి మళ్లా పస్తు. ఇది నువ్వే నాకు చెప్పినవు. "నాకు కంట్రోల్ లేదమ్మా" అన్నవు. కంట్రోల్ లేక కాదు. కడుపు ఎండబెడితే ఒళ్లు గట్టిగ అడుగుతది, అడిగేది కూడా తీపి, నూనె తిండినే ముందు అడుగుతది. ఎవరి ఒళ్లయినా అంతే. పొద్దున తినకపోవడమే ఆ రాత్రి పార్సిల్‌కు మూలం.

మా సెంటర్లో నేను రోజూ చూసేది చెప్త. 2015లో సర్కారు ఆరోగ్యలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి గర్భిణులకు, బాలింతలకు ఒక పూట అన్నం, పప్పు, కూర, గుడ్డు, పాలు సెంటర్లోనే పెడుతున్నం. కొత్తగా వచ్చిన పిల్లను "నిన్న ఏం తిన్నవమ్మా?" అని అడిగితే, నా మొఖం ఎట్లుంటే జవాబు అట్ల వస్తది. నేను తప్పులు పట్టే మొఖం పెడితే "ఆకుకూర తిన్న, పాలు తాగిన" అని అప్పజెప్తది. మామూలుగా, ఇంటి మనిషిలెక్క అడిగితే "పొద్దున చాయ్‌లో రెండు రొట్టెలు ముంచుకుని తిన్న మేడమ్, ఇంక ఏం పోలేదు లోపలికి" అని నిజం చెప్తది. నిజం తెలిస్తేనే కదా నేను ఏమన్న చేయగలిగేది! నువ్వు నీతోటే ఇట్ల అప్పజెప్పే మాటలు మాట్లాడుకునే స్థితి రావద్దు. ఏం తిన్ననో, ఎందుకు తిన్ననో నిమ్మళంగ చూసుకుంటే చాలు. ఆకలయి తిన్ననా, నిద్ర లేక తిన్ననా, మనసు బాగలేక తిన్ననా? ఆఖరు రెండిటికీ తిండి మీద కోపం తెచ్చుకుంటే ఏం లాభం?

పిల్లల సంగతి కూడా అంతే. పాలకూర వద్దని మొఖం తిప్పుకునే పిల్లగాడికి "తింటే చాక్లెట్ ఇస్త" అని ఎన్నడూ చెప్పొద్దని కొత్త ఆయమ్మలకు నేను మొట్టమొదట చెప్పే మాట. అట్లంటే వాని మనసులో పాలకూర శిక్ష అయితది, చాక్లెట్ బహుమతి అయితది. జర పెట్టాలె, తినకపోతే ఊకోవాలె, రెండు రోజులాగి మళ్లా పెట్టాలె. ఒక్కో కూర ఎనిమిది, పది సార్లు కంటికి, నోటికి తగిలినాక గాని అలవాటు కాదు. నువ్వు మొన్న "ఓట్స్ తింటే మూడు రోజులకే విసుగొచ్చింది, నాతోని ఏదీ కాదు" అన్నప్పుడు ఇదే గుర్తొచ్చింది. నచ్చనిదాన్ని మందులాగ మింగితే ఎవరికైనా విసుగే వస్తది. ఓట్స్ నచ్చకపోతే వదిలెయ్. ఉప్మాలో కూరగాయ ముక్కలు, పల్లీలు ఎక్కువ వేస్తే అది తక్కువ తిండేం కాదు.

రోజూ పొద్దున బరువు చూసుకుంటున్ననన్నవు. మా సెంటర్లో గోడ మీద పిల్లల ఎదుగుదల చార్టు నువ్వు చిన్నప్పటి నుంచి చూసినదే. ఒక నెల చుక్కను చూసి మేం ఏమీ తేల్చం. జ్వరం వచ్చిన నెల పడతది, మళ్లా లేస్తది. గీత ఎటు పోతుందో చూస్తం. ఎదిగే పిల్లలకే ఒక్క చుక్కతో తీర్పు చెప్పనప్పుడు, నీకు ఏ రోజుకారోజు తీర్పు ఎందుకు? ఉప్పు ఎక్కువ తిన్న తెల్లారి, నెలసరికి ముందు ఒంట్లో నీళ్లు నిలిచి బరువు అటు ఇటు అయితది. అది కొవ్వు కాదు. ఆ మిషన్‌ను కొన్నాళ్లు మంచం కిందికి నెట్టు. మెట్లెక్కితే ఆయాసం తగ్గిందా, నిద్ర పడుతుందా, మధ్యాహ్నం నీరసం పోయిందా, ఇవి చూసుకో.

ఇంక అన్నం సంగతి. అన్నం విషమని ఎవరో వీడియోలో చెప్పిండని నువ్వు అన్నప్పుడు నాకు మీ బాపమ్మ గుర్తొచ్చింది. ఆమె పెండ్లయి వచ్చినప్పుడు ఈ ఇంట్లో రోజూ మక్క గటుక, జొన్నరొట్టె, అంబలి. తెల్లన్నం పండుగకో, చుట్టాలొస్తెనో. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినాక, తర్వాత బోర్లు పడి వరి పెరిగినాక గాని పూటపూటకు అన్నం లేదు. పిల్లల కంచాల్లో తెల్లన్నం చూసుకుని మురిసిన మనిషి ఆమె. అప్పటి తిండే గొప్పదని నేననను. గటుక తిన్నోళ్లంతా గట్టిగున్నరంటరు గాని, పప్పు, పాలు, గుడ్డు దొరకక చిక్కిపోయిన తల్లులు, పిల్లలు ఎంతమందో! వాళ్లు పొద్దంతా ఎండలో నాట్లేసినరు, కలుపు తీసినరు. మనం కూర్చుని తింటున్నం. తేడా అక్కడ కూడా ఉంది.

అన్నంలో విషం లేదు. కంచంలో ముప్పావు భాగం అన్నమే ఉండి, కూర నంజుకునేంత ఉండుడే మనతోటి ఇబ్బంది. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయుల కోసం కొత్త ఆహార సూచనలిచ్చింది. రోజు మొత్తం తిండిలో సగం దాకా కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు, దుంపలు ఉండాలని, ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం దాటొద్దని అందులో ఉంది. 2000 కేలరీల తిండికి వాళ్లు చెప్పిన లెక్కలో ధాన్యం 250 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలు కలిపి 400 గ్రాములు. చూసినవా, అంత పెద్ద సంస్థ కూడా అన్నం బంద్ చేయమనలేదు. అదే పుస్తకంలో కండ కోసం ప్రోటీన్ పొడులు వద్దని కూడా రాసిండ్రు. నువ్వు నెలకు వేలు పోసి కొంటున్న డబ్బా గురించి ఆలోచించుకో. ఆ పైసలకు గుడ్లు, పెరుగు, పల్లీలు ఎన్నొస్తయో.

కాబట్టి నేను నీకు ఏదీ తీసెయ్యమని చెప్త లేను. కలుపుకో అంటున్న. హాస్టల్ వాళ్లు పెట్టిన అన్నంలో ఒక గరిటె తగ్గించుకుని పప్పు రెండు గరిటెలు పోసుకో. చారు నీళ్లలెక్కున్న రోజు ఒక ఉడకబెట్టిన గుడ్డు తెచ్చుకో, చాయ్ బండ్ల కాడ దొరుకుతయి. సాయంత్రం ఆఫీసు బయట జామకాయలు అమ్మే బండి ఉందన్నవు కదా, ఒకటి కొనుక్కో. పుట్నాలు, పల్లీలు ఒక డబ్బాలో బ్యాగులో పెట్టుకో. రాత్రి ఆకలైతే పార్సిల్ వచ్చేలోపు అవి పనికొస్తయి. హైదరాబాదులో సాయంత్రం రోడ్డు పక్కన జొన్నరొట్టెలు చేసే అమ్మలు ఎంతమందో ఉన్నరు. నచ్చితే తిను, కానీ అన్నం తినొద్దన్న భయంతో మాత్రం తినకు. రాగుల్లో 100 గ్రాములకు దగ్గరదగ్గర 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటది, పాలకంటే ఎక్కువ. రాగి జావ నీకు చిన్నప్పుడు ఇష్టమే.

బిర్యానీ తినాలనిపిస్తే తిను. దోస్తులతో కూర్చుని, ఫోన్ పక్కన పెట్టి, పెరుగు చట్నీ, ఉల్లిగడ్డ, నిమ్మకాయ పెట్టుకుని రుచి చూసుకుంట తిను. మిగిలితే పొట్లం కట్టించుకో. తెల్లారి పస్తుండకు, మామూలుగా పొద్దున ఇడ్లీ తిను. వారం మొత్తంలో ఏం తిన్నవన్నది చూడాలె గాని ఒక్క పూటను పట్టుకుని కూర్చుంటే ఎట్ల?

మీ బాపుకు షుగర్ ఉంది కాబట్టి ఆయన లెక్క వేరు. అన్నం కొలిచి పెడుత, తిన్నాక వాడ చుట్టూ తిరిగొస్తడు, మందులేసుకుంటడు. అది డాక్టర్ చెప్పిన పద్ధతి. ఒకరి రోగానికి చెప్పిన తిండిని రోగం లేనోళ్లు నెత్తికెత్తుకోవద్దు. ఆ మధ్య షుగర్, బరువు తగ్గుతయని ఊరంతా అన్నం మానేసి కొబ్బరినూనె తాగిండ్రు చూడు, మన వాడలో ఎవరూ ఎక్కువ కాలం నిలవలేకపోయిండ్రు.

ఒకటి మాత్రం గట్టిగ చెప్త. రక్తం. మన దేశంలో 15 నుంచి 49 ఏండ్ల ఆడోళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో వచ్చింది. నీ మొఖం పాలిపోయినట్టు ఉంది, జుట్టు రాలుతుందంటున్నవు. తిండి తగ్గించుకుంటే ఒంటికి అందే ఇనుము కూడా తగ్గుతది. నువ్వు భోజనం అయిన వెంటనే చాయ్ తాగుతవు. చాయ్‌లో ఉండే వగరు పదార్థం తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనియ్యదు. భోజనానికి గంట ముందు, గంట తర్వాత చాయ్ కాఫీ వద్దు. చాయ్ మానెయ్యమంటలేను, తాగే టైం జరుపుకో. పాలకూర పప్పు మీద నిమ్మకాయ పిండుకో, ఆ పులుపులోని విటమిన్ సి వల్ల ఇనుము బాగా పడతది. పుంటికూర పప్పు, మునగాకు, వారానికోసారి కాలేయం ఏది దొరికితే అది తిను. ఆకుకూరల్లో ఫోలిక్ యాసిడ్ కూడా ఉంటది, అది కూడా రక్తానికే. దాన్ని తయారుచేసే పద్ధతి కనిపెట్టినోళ్లలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు. మా ట్రైనింగుల్లో ఆయన పేరు విన్నప్పుడల్లా నాకు గర్వంగ ఉంటది. ఇనుము గోలీలు మాత్రం నీ అంతట నువ్వు కొనుక్కుని మింగకు, పరీక్ష అయినాక డాక్టర్ చెప్పినట్టు వేసుకో.

పండుగకు మీ మేనత్త "గింత లావైనవేందే" అన్నది. నీ కండ్లల్లో నీళ్లు నేను చూసిన. నువ్వు అటు పోయినాక ఆమెకు చెప్పిన, పిల్ల ఒళ్లు గురించి మాట్లాడొద్దు వదినా అని. సన్నగున్నోళ్లను "చిక్కిపోయినవు, ఇంట్లో పెడతలేరా" అనుడు కూడా అంతే తప్పు. మళ్లా ఎవరన్న అంటే నువ్వు నవ్వి ఊరుకోవాల్సిన పని లేదు. "ఆరోగ్యంగనే ఉన్న అత్తమ్మా, వేరే ముచ్చట చెప్పు" అను. మర్యాద తప్పినట్టు కాదు.

ఇంకో మాట, ఇది చదివి దాచిపెట్టుకోకు. తిన్నది బలవంతంగ కక్కాలనిపించినా, నెలసరి రెండు మూడు నెలలు ఆగినా, కండ్లు తిరిగినా, రోజంతా తిండి గురించిన ఆలోచనే మెదులుతున్నా అది మొండితనంతో గెలిచేది కాదు. జ్వరమొస్తే పోయినట్టే డాక్టర్ కాడికి పోవాలె, మనసు డాక్టరైనా సరే. నాకు చెప్పు, నేను వస్త, ఇద్దరం పోదం. ఎందుకట్ల చేసినవని ఒక్క మాట అడగను.

ఈ శనివారం నీకు సెలవే కదా. హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకో. 12 కంటే తక్కువుంటే ఆ కాగితం తీసుకుని డాక్టర్‌ను కలువు, నాకు ఫొటో పెట్టు. పక్కింటి పిల్లగాడు ఆదివారం హైదరాబాద్ వస్తున్నడు, వానితోని నువ్వుల పొడి, కరివేపాకు పొడి, సత్తుపిండి పంపుతున్న. తొక్కు ఒక చిన్న సీసానే పెట్టిన, అందులో ఉప్పు ఎక్కువ. పొడులు ఇడ్లీలో, అన్నంలో నెయ్యి చుక్కేసుకుని తిను. నెయ్యి సీసా కూడా పెట్టిన. వాడు బస్సు దిగినాక ఫోన్ చేస్తడు, ఎత్తు.

మీ అమ్మ