మూన్‌వాక్ సరే, మైకేల్ జాక్సన్ టీవీలో పాడినవి కూడా చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న మీ ఆదివారం అనుబంధంలో మైకేల్ జాక్సన్ మీద రెండు పేజీల వ్యాసం వేశారు. ఫొటోలు బాగున్నాయి, అందులో నాకే పేచీ లేదు. కానీ వ్యాసమంతా 1983లో మూన్‌వాక్ (ముందుకు నడుస్తున్నట్టు కనిపిస్తూ వెనక్కి జారే స్టెప్పు) చేసిన రాత్రి దగ్గర మొదలై, అక్కడే తిరిగి, అక్కడే ఆగిపోయింది. పైగా ఆ రాత్రి టీవీలో లైవ్‌గా 'బిల్లీ జీన్' పాడుతూ, తాను కనిపెట్టిన మూన్‌వాక్‌ని ప్రపంచానికి చూపించాడని రాశారు. ఈ ఒక్క వాక్యంలో మూడు తప్పులున్నాయండీ. అది లైవ్ ప్రసారం కాదు, ఆ పాట అతను స్టేజీ మీద పాడలేదు, ఆ స్టెప్పు అతను కనిపెట్టిందీ కాదు.

మోటౌన్ రికార్డు కంపెనీ పాతికేళ్ల పండగ పేరుతో చేసిన ఆ కార్యక్రమాన్ని కాలిఫోర్నియాలోని పాసడీనాలో 1983 మార్చి 25న రికార్డు చేశారు, ఎన్‌బీసీ ఛానల్లో వేసింది మే 16న. అందులో జాక్సన్ అన్నదమ్ములంతా కలిసి పాత పాటల ముక్కలు కలిపిన మెడ్లీ ఒకటి పాడారు. అది మాత్రం నిజంగా పాడిందే, ఎంత నిజంగా అంటే అన్న జెర్మేన్ మైకు మధ్యలో మొరాయిస్తే మైకేల్ తన మైకు అతని నోటి దగ్గర పెట్టాల్సి వచ్చింది. తర్వాత మిగతావాళ్లు లోపలికి వెళ్లిపోయారు, మైకేల్ ఒక్కడే ఉండి, పాతవి మంచి పాటలే గానీ నాకు కొత్తవే ఎక్కువ ఇష్టం అన్న అర్థంలో రెండు ముక్కలు మాట్లాడి 'బిల్లీ జీన్' మొదలుపెట్టాడు. అప్పుడు మోగింది రికార్డు. పెదాలు కదిలాయి, గొంతు స్టూడియోలో ముందే పాడి పెట్టింది. ఇక మూన్‌వాక్ అంటారా, అంతకుముందు ఏడాదే షాలమార్ గ్రూపులోని జెఫ్రీ డేనియల్ బీబీసీ 'టాప్ ఆఫ్ ది పాప్స్'లో చేసి చూపించాడు, అప్పుడు దాన్ని బ్యాక్‌స్లైడ్ అనేవాళ్లు. బిల్ బెయిలీ అనే ట్యాప్ డాన్సర్ 1950ల్లోనే అలా వెనక్కి జారుకుంటూ స్టేజీ దిగిపోయేవాడు. మైకేల్ కూడా దాన్ని నేనే కనిపెట్టానని చెప్పుకోలేదు, వీధుల్లో నల్లజాతి కుర్రాళ్లు చేసేదని, ముగ్గురు పిల్లల దగ్గర నేర్చుకున్నానని తన ఆత్మకథలోనే రాశాడు.

అలాగని ఆ రాత్రి గొప్పది కాదని ఎవరన్నారు? 4 కోట్ల 70 లక్షల మంది చూశారని లెక్క. పాత హాలీవుడ్ డాన్సర్ ఫ్రెడ్ ఆస్టెయిర్ అంతటివాడు ఫోన్ చేసి మెచ్చుకున్నాడు. డాన్సుగా దానికి తిరుగు లేదు. నా బాధల్లా ఒకటే, పాటగాడిని పట్టుకుని ఎంతసేపూ అతని కాళ్ల గురించే రాస్తున్నారు. మనకి అలా ఎందుకు అలవాటైందో నేను ఊహించగలను. 1985లో 'దొంగ' సినిమాలో చిరంజీవి గారి 'గోలీమార్' చూశాకే మన ఊళ్లలో చాలామందికి మైకేల్ పాట 'థ్రిల్లర్' అనేది ఒకటుందని తెలిసింది, అదీ వీడియోలో, అదీ డాన్సుగా. అసలు మనిషి టీవీలో నిలబడి పాడటం మనం చూసింది తక్కువ, మొదట చూడాల్సినవి అసలు చూడలేదు. ఇప్పుడు యూట్యూబ్‌లో అన్నీ ఉన్నాయి కాబట్టి వరసగా చూడొచ్చు, మీ రచయితను కూడా ఒకసారి అలా చూడమనండి.

1969 డిసెంబర్ 14 దగ్గర మొదలుపెట్టాలి. అమెరికాలో ఆదివారం రాత్రి ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే 'ఎడ్ సలివాన్ షో'. అన్నదమ్ముల బృందం జాక్సన్ ఫైవ్ వచ్చింది. మైకేల్‌కి పదకొండేళ్లు, కంపెనీవాళ్లు మాత్రం వయసు ఇంకా తగ్గించి చెప్పుకునేవాళ్లు. నెత్తిమీద టోపీ, ముందు వరసలో చోటు. 'ఐ వాంట్ యూ బ్యాక్' అందరికీ తెలిసిందే గానీ, మీరు చూడాల్సింది దానికన్నా ముందు పాడిన 'హూజ్ లవింగ్ యూ'. స్మోకీ రాబిన్సన్ రాసిన పాట అది, ప్రేమించిన మనిషిని చేజేతులా పోగొట్టుకుని ఏడ్చేవాడి పాట. పాటకి ముందు ఆ పిల్లాడు, స్కూల్లో ఇసకలో ఆడుకుంటూ ఒక అమ్మాయిని కలిశానని, పాలు తాగే విరామంలో మా ప్రేమ నడిచిందని ఏదో చెబుతాడు, ఆ మాటలు పెద్దవాళ్లు రాసిస్తే బట్టీ పట్టినట్టే ఉంటాయి, జనం నవ్వుతారు కూడా. తర్వాత పాట ఎత్తుకుంటాడు. మొదటి మాటనే అంత దూరం సాగదీసి, విరిచి, కిందకి దింపే తీరు చూస్తే, ఇసకలో ఆడుకునే పిల్లాడికి ఈ దుఃఖం ఎక్కడ దొరికిందా అనిపిస్తుంది. కాళ్లు పెద్దగా కదలవు. ఆ గొంతు ఆ క్షణంలో ఆ మైకులోంచి వచ్చిందే. మైకేల్ జాక్సన్ ఎవరని నన్ను ఎవరైనా అడిగితే నేను చూపించేది ఇదే.

1973 మార్చిలో ఆస్కార్ వేడుకలో పాడాడు, 'బెన్' పాట. పద్నాలుగేళ్లు. నటుడు మార్లన్ బ్రాండో అవార్డు వద్దని ఒక అమ్మాయిని పంపిన రాత్రి అదే, అందుకని ఈ పాట ఎవరికీ గుర్తుండదు. సినిమాలో ఆ పాట ఒక ఎలుక మీద ఉన్న స్నేహం గురించి, ఆ సంగతి తెలిశాక కూడా నవ్వు రాదంటే అది పాడిన తీరే. అదే ఏడాది 'సోల్ ట్రైన్' టీవీ షోలో 'డాన్సింగ్ మెషీన్' పాటకి రోబో డాన్సు చేశాడు, దేశమంతా కుర్రాళ్లు అదే చేశారట. నా లెక్కలో మలుపు 1983 కాదు, ఇదే. ఇక్కణ్ణుంచి కెమెరావాళ్లు మొహం వదిలి కాళ్ల మీదకి వెళ్లారు. 1976, 77లో సీబీఎస్‌లో కుటుంబమంతా కలిసి వెరైటీ షో చేశారు, జోకులు, చిన్న చిన్న నాటికలు, తళుకుల బట్టలు. అది తనకి అస్సలు నచ్చలేదని అతనే తర్వాత రాసుకున్నాడు, నేనూ రెండు భాగాలు చూసి వదిలేశాను.

ఇక మీ వ్యాసంలో ఒక్క ముక్క కూడా లేని రాత్రి: 1988 మార్చి 2, న్యూయార్క్ రేడియో సిటీ మ్యూజిక్ హాల్, సంగీతానికిచ్చే గ్రామీ అవార్డులు. నాలుగేళ్ల కిందట అదే గ్రామీల్లో ఒక్క రాత్రిలో ఎనిమిది గెలిచాడు గానీ అప్పుడు స్టేజీ ఎక్కి పాడలేదు. ఈసారి పాడాడు, ముందే రికార్డు చేసిన ట్రాక్ లేకుండా. ముందు తెర వెనక నీడ మాత్రమే కనిపిస్తుంది. 'ద వే యూ మేక్ మీ ఫీల్'ని రికార్డులో ఉన్న వేగంతో కాకుండా నెమ్మదిగా, కూనిరాగంలా మొదలుపెట్టి, తర్వాత ఊపులోకి తెచ్చాడు. అది కాగానే 'మ్యాన్ ఇన్ ద మిర్రర్'. ఆ పాట రాసిన ఇద్దరిలో ఒకరైన సిడా గారెట్ పక్కనే నిలబడి పాడింది, వెనక ఆండ్రే క్రౌచ్ చర్చి కోరస్. పాట సగం దాటాక మాటలు తగ్గిపోయి కేకలు, ఊపిరి, మూలుగు, కోరస్ ఒకటి అంటే ఇతను ఒకటి అనడం, మోకాళ్ల మీద పడటం, మళ్లీ లేవడం, అంతా చర్చిలో ఆదివారం ప్రార్థనలాగే ఉంటుంది. గొంతు అక్కడక్కడా బొంగురుపోతుంది. ఆయాసం వినిపిస్తుంది. ఎందుకు వినిపించదు మరి, అలా గెంతుతూ పాడితే ఎవరికైనా ఆయాసం వస్తుంది! 'బిల్లీ జీన్' రాత్రి మనకి వినపడని ఊపిరి ఇక్కడ వినపడుతుంది, అందుకే నాకు ఇది దానికన్నా పెద్దది. హాలంతా లేచి నిలబడింది. తర్వాత ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ మాత్రం యూ2 బ్యాండ్ వాళ్లకి పోయింది, ఇతని ఆల్బమ్ 'బ్యాడ్'కి దక్కింది సౌండ్ ఇంజినీరింగ్ అవార్డు ఒక్కటే, అది వెళ్లింది ఇంజినీర్లకి. గెలవని రాత్రి కాబట్టేనేమో పేపర్లు కూడా దీన్ని పక్కన పెట్టేశాయి.

1993 జనవరి 31న సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) హాఫ్‌టైమ్, అంటే ఆట మధ్య విరామం, మళ్లీ పాసడీనాలోనే, రోజ్ బౌల్ స్టేడియంలో. అంతకుముందు హాఫ్‌టైమ్ అంటే ఎక్కువగా కాలేజీ బ్యాండ్లు, కవాతులు, అదో తంతు. ఇతను వచ్చి నల్ల కళ్లద్దాలు పెట్టుకుని నిమిషం పైగా కదలకుండా నిలబడ్డాడు, స్టేడియం హోరెత్తిపోయింది. పాటల్లో చాలా భాగం ట్రాకే. అప్పటి నుంచి హాఫ్‌టైమ్‌కి పెద్ద పెద్ద స్టార్లను పిలవడం ఆనవాయితీ అయింది. ఇది టీవీ చరిత్రే, కాదనను. కానీ పది రోజులకి, ఫిబ్రవరి 10న, ఓప్రా విన్‌ఫ్రీ ఇంటర్వ్యూలో ఆమె అడిగితే కూర్చున్న చోటే నోటితో తాళం వేసుకుంటూ 'హూ ఈజ్ ఇట్' పాడాడు చూడండి, సంగీతం లేదు, లైట్లు లేవు, కొద్ది సెకన్లే. అది విని జనం అడిగారని కంపెనీ ఆ పాటను అమెరికాలో సింగిల్‌గా విడుదల చేసింది. అంత పెద్ద స్టేడియం కన్నా ఆ కాసేపట్లో మైకేల్ ఎక్కువ కనిపించాడు నాకు.

తర్వాతవి చకచకా చెప్పేస్తాను, ఎందుకంటే వాటిలో పాట తగ్గుతూ పోయింది. 1995 సెప్టెంబర్ ఎంటీవీ అవార్డుల్లో పావుగంట మెడ్లీ, డాన్సు అద్భుతం, గొంతు ఎక్కువగా రికార్డు. అదే డిసెంబర్‌లో హెచ్‌బీవో కోసం న్యూయార్క్ బీకన్ థియేటర్‌లో ఒక ప్రత్యేక కార్యక్రమం రిహార్సల్ చేస్తూ కూలిపోయాడు, అది రద్దయింది. 2001 సెప్టెంబర్ 7, 10 తేదీల్లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో అతని సోలో పాటలకి ముప్ఫై ఏళ్ల వేడుక, 1984 టూర్ తర్వాత అన్నదమ్ములు మళ్లీ ఒక స్టేజీ మీద కనిపించారు. రెండో షో అయిన మర్నాడే జంట టవర్లు కూలాయి.

ట్రాక్ పెట్టుకోవడం నేరమని నేను అనట్లేదు. ఇంకొకరి గొంతుకి హీరో పెదాలు కదిపితే ఈలలు వేసే సినిమా దేశం మనది, ఇతను కనీసం తన గొంతుకే కదిపాడు. పైగా అలాంటి డాన్సు చేస్తూ పూర్తిగా పాడటం మనిషి వల్ల అయ్యే పని కాదు. కానీ మనకి తేడా తెలుసు కదా. 'పాడుతా తీయగా'లో బాలు గారి ముందు పిల్లలు ఆర్కెస్ట్రాతో పాడుతూ ఒక్క చోట శ్రుతి తప్పినా ఇంట్లో కూర్చుని పట్టుకున్న జనం మనవాళ్లు. ఆ చెవులున్న పాఠకులకి ఏది పాడాడు, ఏది పెదాలు కదిపాడు అని చెప్పకుండా, అన్నిటికీ కలిపి 'లైవ్ సంచలనం' అని హెడ్డింగ్ పెట్టేస్తే ఎలాగండీ? అవార్డు ఫంక్షన్లలో మన గాయకులు చేసేదాని గురించి కూడా మీ సినిమా పేజీ ఇలాగే మాట్లాడదు, అది వేరే ఉత్తరానికి సరిపడా ఉంది.

ఇంకో చిన్న సంగతి. ముంబైలో అతను కచేరీ చేసింది 1996 నవంబర్ 1న, మీ ఫొటో కింద 1998 అని పడింది. ఆ తేదీ, పైన చెప్పిన మూడు తప్పులు, ఈ నాలుగింటికీ వచ్చే ఆదివారం సవరణ వేయండి. చోటు లేకపోతే నా ఉత్తరం వేయకపోయినా పర్వాలేదు.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
తెనాలి