సాహసయాత్రల ఉపసంఘం వార్షిక నివేదిక: రిషికేశ్ రాఫ్టింగ్ సన్నాహాలు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది ఉపసంఘం దృష్టంతా ఒక్క యాత్ర మీదే పెట్టింది: రిషికేశ్ ఎగువన గంగలో రాఫ్టింగ్, అంటే గాలి నింపిన రబ్బరు పడవలో (రాఫ్టులో) ఉరవడి నీటి మీద సాగడం. పాపికొండల లాంచీ ఎక్కినవాళ్లు ఇదీ అలాంటిదేనని అనుకుంటున్నారు. లాంచీని సరంగు నడుపుతాడు, మనం కూర్చుంటాం. ఇక్కడ తెడ్డు మన చేతిలోనే ఉంటుంది. ఆరేడుగురు ఒక్క ఊపున వేస్తేనే గైడు అనుకున్న దారిన రాఫ్టు పోతుంది.

రాఫ్టు ఎక్కడ ఎక్కాలన్నది ముందు తేల్చాం. బ్రహ్మపురి నుంచి రిషికేశ్‌కు నది దారి సుమారు 9 కి.మీ., శివపురి నుంచి 16, మెరైన్ డ్రైవ్ నుంచి 24, కౌడియాల నుంచి 36. కౌడియాల దారిలో ‘ద వాల్’ అనే నాలుగో గ్రేడు ర్యాపిడ్ (నీరు ఉరవడిగా ఎగిరిపడే చోటు; కష్టాన్ని బట్టి ఉండే ఆరు గ్రేడుల్లో నాలుగోది) ఉంది. అక్కడ రాఫ్టు బోల్తా పడటం మామూలే. మనలో తొలిసారి వచ్చేవాళ్లే ఎక్కువ గనుక శివపురి ఖాయం చేశాం. ‘రోలర్ కోస్టర్’, ‘గోల్ఫ్ కోర్స్’ అనే ర్యాపిడ్లు ఆ దారిలోనే వస్తాయి, సరదాకు లోటుండదు.

జులై, ఆగస్టుల్లో వరద వల్ల రాఫ్టింగ్ ఆపేస్తారు. మే, జూన్‌లలో చార్‌ధామ్ రద్దీకి, శివపురి మీదుగా పోయే బద్రీనాథ్ రోడ్డు కదలదు. అందుకే దీపావళి సెలవులు తప్పించి అక్టోబరు, నవంబరు నెలల్లో, అదీ మంగళవారం నుంచి గురువారం లోపు వెళ్లాలని మా సిఫార్సు. వాన లేకపోయినా నీరు పెరగొచ్చు: ఎగువన టిహరీ, కోటేశ్వర్ డ్యాముల్లో కరెంటు కోసం నీళ్లు వదులుతారు. ఇసుక మీద ఆగినప్పుడు రాఫ్టును బాగా పైకి లాగి కట్టాలి.

లైఫ్ జాకెట్ సంగతి మాత్రం ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు. బకిల్స్ అన్నీ పెట్టి, పట్టీలు బిగించాక, పక్కవాళ్లు మీ రెండు భుజాల దగ్గర పట్టుకుని పైకి గుంజాలి. జాకెట్ గడ్డం దాటి లేచిందంటే అది వదులు. నీళ్లలో జాకెట్ పైకి తేలుతుంది, మనిషి కిందికి జారతాడు. తెడ్డు కొసన ‘టి’ ఆకారపు పిడి ఉంటుంది. ఒక చెయ్యి ఎప్పుడూ దాన్ని కప్పి ఉండాలి. వదిలేస్తే, అల తగిలిన క్షణంలో అది పక్కవాళ్ల పళ్లు రాలగొడుతుంది.

నీళ్లలో పడితే నిలబడే ప్రయత్నం చేయకూడదు. రాళ్ల సందులో పాదం ఇరుక్కుంటే ప్రవాహం మనిషిని ముందుకు తోసి ముంచేస్తుంది. వెల్లకిలా తేలి, కాళ్లు ప్రవాహం పోయే వైపు పెట్టి, కాలివేళ్లు నీటిపై కనిపించేలా ఉంచాలి. తాడు విసిరితే తాడునే పట్టుకోవాలి, చేతికి చుట్టుకోకూడదు. పడ్డవారిని పైకి లాగేటప్పుడు చెయ్యి పట్టి గుంజకుండా జాకెట్ భుజపట్టీలు పట్టుకోవాలి.

జీన్స్, చున్నీ, హవాయి చెప్పులు వద్దు. త్వరగా ఆరే బట్టలు, వెనక పట్టీ ఉన్న చెప్పులు, కళ్లజోడుకు తాడు చాలు. హిమాలయాల మంచు కరిగిన నీరు గనుక ఒడ్డుకు రాగానే మార్చుకునేందుకు పొడి బట్టలు, తువ్వాలు వ్యానులో ఉండాలి.

14 ఏళ్లు నిండనివారిని, గర్భిణులను, గుండెజబ్బు, మూర్ఛ ఉన్నవారిని చేర్చుకోవడం లేదు. పేరిచ్చేటప్పుడు వయసు, బరువు, ఛాతీ కొలత, ఈత వచ్చో రాదో రాయండి. జాకెట్ సైజులు, రాఫ్టులో ఎవరు ఎటు కూర్చోవాలన్నది వాటిని బట్టే నిర్ణయిస్తాం.